ముందు హాజరు పట్టీ అడగండి

మీ పిల్లాడు చదివే హైస్కూలుకు ఆఖరుసారి ఎప్పుడు వెళ్లారు? గేటు దాకా కాదు, లోపలికి. చాలామంది తల్లిదండ్రులు లోపలికి వెళ్లేది మూడు సందర్భాల్లోనే. చేర్పించేటప్పుడు, టీసీ తీసుకునేటప్పుడు, మధ్యలో ఎప్పుడైనా ‘మీవాడు గొడవ చేశాడు, ఒకసారి రండి’ అని కబురొచ్చినప్పుడు. ఆ మూడోసారి వెళ్లడం ఎంత కష్టమో వెళ్లినవాళ్లకే తెలుసు. హెచ్‌ఎం గది బయట బల్ల మీద కూర్చుని, లోపల ఏం వినాల్సొస్తుందోనని గుటకలు మింగుతూ ఉంటారు.

ఆ కబురు రాకముందే వెళితే ఏం చూడాలి, ఎవర్ని ఏం అడగాలి? ఈ అధ్యాయంలో అదే చెప్పుకుందాం. జిల్లా పరిషత్ హైస్కూలును దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ప్రైవేటు బడి వాళ్లకూ చాలావరకు పనికొస్తుంది.

చదువు తగ్గితే ట్యూషన్ పెట్టిస్తాం. భద్రత అంటే సీసీ కెమెరా ఉందా అని అడుగుతాం. అల్లరి పెరిగితే బెత్తం గుర్తొస్తుంది. మూడు సమస్యలకు మూడు మందులు. కానీ మీ ఊరి బడిలో పాతికేళ్లుగా పనిచేస్తున్న టీచరునెవర్నైనా అడిగి చూడండి. ఈ మూడూ కలిసే చెడతాయంటారు. చెడే ముందు మూడూ ఒకే చోట బయటపడతాయి, హాజరు పట్టీలో. లెక్కలు అర్థం కానివాడు లెక్కల పరీక్ష ఉన్న రోజు జ్వరమంటాడు. దారిలో ఎవడో వెంటపడుతున్న అమ్మాయికి పొద్దున్నే కడుపునొప్పి వస్తుంది. పెద్ద క్లాసు కుర్రాళ్లు చేతిలో డబ్బులు లాక్కుంటున్న ఆరో తరగతి పిల్లాడు బస్సు తప్పిపోయిందంటాడు. మార్కులు పడిపోయేది ఆ తర్వాతే. అమెరికాలో చికాగో యూనివర్సిటీ పరిశోధకులు 2007లో తొమ్మిదో తరగతి పిల్లల మీద ఇచ్చిన నివేదికలోనూ ఇదే తేలింది. వెనకటి పరీక్షల మార్కుల కన్నా ఆ ఏడాది హాజరే పిల్లాడు తప్పబోతున్నాడని ముందుగా చెప్పింది.

‘మావాడికి 75 శాతం ఉంది సార్, ఇబ్బందేం లేదు’ అంటారా? ప్రభుత్వ పథకాలకు 75 శాతం హాజరు అడగడం మొదలయ్యాక ఆ అంకె మన బుర్రల్లో పాసు మార్కులా కూర్చుండిపోయింది. ఒక్కసారి లెక్క వేయండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు. అందులో పాతిక శాతమంటే 55 రోజులు. రెండు నెలలకు పైగా బడి పోయినట్టు! రెండు నెలల పాఠాలు వినకుండా పదో తరగతి గట్టెక్కమంటే పిల్లాడు మాత్రం ఏం చేస్తాడు?

సరే, ఇక పనిలోకి దిగుదాం.

1. పట్టీ చదవడం నేర్చుకోండి

నెలాఖరున ఒకసారి క్లాస్ టీచర్ దగ్గరకు వెళ్లి, ‘మావాడి గడులు ఒకసారి చూపించండి మేడం’ అనండి. హాజరు ఇప్పుడు ఫోన్లోని యాప్‌లో వేస్తున్నా సరే, మీకు కావలసింది శాతం కాదు, తేదీలు. ఏ రోజు రాలేదో చూడండి. చాలా సంగతులు అక్కడే తెలిసిపోతాయి.

సోమవారాలు పోతున్నాయా? ఆదివారం రాత్రి ఇంట్లో ఏం జరుగుతోందో చూసుకోండి. రాత్రి ఒంటిగంట దాకా సెల్లు చూస్తున్నాడా? నాన్న తాగొచ్చి గొడవ చేస్తున్నాడా? ఈ రెండో ప్రశ్నకు జవాబు టీచరుకు తెలియదు, మీకే తెలుసు.

పొద్దున ఉండి మధ్యాహ్నం మాయమవుతున్నాడా? భోజనం గంట తర్వాత గోడ దూకే బ్యాచీ ఒకటి ప్రతి హైస్కూల్లోనూ ఉంటుంది. మీవాడు అందులో ఉన్నాడేమో కనుక్కోండి. లేదా మధ్యాహ్నం రెండో పీరియడ్ ఏ సబ్జెక్టో టైంటేబుల్లో చూడండి.

అమ్మాయికి ప్రతి నెలా వరసగా రెండు మూడు రోజులు పోతున్నాయా? అయిదో సూచనకు వెళ్లండి, అక్కడ మాట్లాడుకుందాం.

దసరా తర్వాత వారాలకు వారాలు ఖాళీగా ఉందా? పత్తి తీతలకో, మిరప కోతలకో తీసుకెళ్లారన్నమాట. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి గుంటూరు వైపు వలసపోయే కుటుంబాలకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. ‘పిల్లను ఒంటరిగా ఎవరి దగ్గర వదలాలి’ అనే ప్రశ్న న్యాయమైనదే. అలాంటి పిల్లల కోసమే సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. మీ మండలంలో ఈ ఏడాది తెరుస్తున్నారా అని ఎంఈవో ఆఫీసులో అడగండి. కూలీకి బయల్దేరే ముందు రోజు అడిగితే లాభం లేదు. సెప్టెంబరులోనే అడగండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. గడులు చూసి ఇంటికి రాగానే పిల్లాణ్ని బాదేస్తారు. దాంతో వచ్చే నెల నుంచి వాడు బడి మానేసిన సంగతి ఇంకా తెలివిగా దాస్తాడు. ‘ఎందుకు వెళ్లలేదురా’ అని గద్దిస్తే అబద్ధమే వస్తుంది. ‘ఆ బుధవారం బడిలో ఏం ఉండింది?’ అని మామూలుగా అడగండి. అన్నం తినేటప్పుడో, ఇద్దరూ బండి మీద వెళ్తున్నప్పుడో అడగండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే పిల్లలు బిగుసుకుపోతారు.

2. ‘ఎలా చదువుతున్నాడు సార్?’ అని అడగకండి

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. ముగ్గులు, ఫొటోలు, తల్లులకు ఆటల పోటీలు, సహపంక్తి భోజనాలు. పండగలా జరిగింది, మంచిదే. కానీ ఇలాంటి రోజున టీచరుతో మీకు దొరికేది అయిదు నిమిషాలు. అందులో ‘ఎలా చదువుతున్నాడు సార్?’ అని అడిగితే ‘పర్లేదండీ, ఇంకొంచెం శ్రద్ధ పెట్టాలి’ అంటారు. ఈ మాట ఆ రోజు ఎంతమంది తల్లిదండ్రులకు చెప్పి ఉంటారో! మీకు తెలిసిందేమిటి?

బదులుగా ఈ మూడూ అడగండి. మావాడు ఎవరి పక్కన కూర్చుంటాడు? ఏ పీరియడ్‌లో నోరు విప్పుతాడు, ఏ పీరియడ్‌లో అసలు విప్పడు? గడిచిన నెల రోజుల్లో మీకు కొత్తగా ఏమైనా అనిపించిందా?

మొదటి ప్రశ్నకు జవాబులో స్నేహాలు తెలుస్తాయి. రెండోదాంట్లో చదువు తెలుస్తుంది. మూడోది అడగ్గానే టీచరు ఒక క్షణం ఆగి ఆలోచిస్తారు. ‘అవునండీ, ఈ మధ్య ముందు బెంచీ నుంచి వెనక్కి వెళ్లి కూర్చుంటోంది’ అని ఒక అమ్మాయి గురించి చెప్పారనుకోండి. ప్రోగ్రెస్ కార్డులో ఆ ముక్క ఎక్కడా ఉండదు.

మీరు టీచరైతే మీకొక మాట. తల్లిదండ్రులకు మొదటి ఫోన్ ఫిర్యాదు చెప్పడానికి చేయకండి. జూన్, జులైలలోనే, ఏ గొడవా లేనప్పుడే, ‘మీ అమ్మాయి ఇవాళ సైన్సు క్లాసులో మంచి ప్రశ్న అడిగిందమ్మా’ అని ఒక్క నిమిషం చెప్పండి. నవంబరులో అసలు సమస్య చెప్పాల్సొచ్చినప్పుడు ఆ తల్లి మీ మాట వింటుంది.

3. ఇంట్లో పది నిమిషాల పరీక్ష పెట్టండి

ఎనిమిదో తరగతి దాకా ఎవర్నీ తప్పించకుండా పంపించే పద్ధతిలో మన పిల్లలు పైకొచ్చారు. కాబట్టి తొమ్మిదిలో ఉన్నాడంటే తొమ్మిదో తరగతి చదువు వచ్చినట్టు కాదు. 2023లో అసర్ సంస్థ దేశంలో 28 జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను పరీక్షిస్తే, దాదాపు నాలుగో వంతు మంది తమ సొంత భాషలో రెండో తరగతి పాఠం గడగడా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం సగం మందికి పైగా రాలేదు.

మీవాడు ఏ సగంలో ఉన్నాడు? తెలుసుకోవడం తేలికే. దినపత్రికలో ఒక పేరా ఇచ్చి బిగ్గరగా చదవమనండి. చదివాక ఏం రాశారో సొంత మాటల్లో చెప్పమనండి. తర్వాత 847ను 6తో భాగించమనండి. (141 సార్లు పోయి 1 మిగలాలి. మీరు చదువుకోకపోయినా జవాబు సరిచూసుకోవడానికి రాస్తున్నాను.) చదవలేకపోతే ఆ రాత్రే టీచరు మీద కోపం తెచ్చుకోకండి, పిల్లాణ్ని తిట్టకండి. మర్నాడు బడికెళ్లి ‘మావాడికి చదవడం రావట్లేదు, ఎక్కడ మొదలుపెట్టమంటారు?’ అని అడగండి. మూడో తరగతి వాచకం నుంచి మొదలుపెట్టమంటే మొహమాటపడకండి. వాడు పది మందిలో చిన్నబుచ్చుకోకుండా ఉండాలంటే ఆ చదువు ఇంట్లోనో, బడి అయ్యాక విడిగానో జరగాలి.

అల్లరివాళ్లలో ఇలాంటి పిల్లలు చాలామంది ఉంటారు. చదవమని లేపితే పరువు పోతుందని, లేపకముందే ఏదో గొడవ చేసి బయటికి పోతారు. వెర్రివాడు అనిపించుకోవడం కన్నా రౌడీ అనిపించుకోవడమే వాడికి నయం.

4. గంట కొట్టాక ఇల్లు చేరేదాకా

బడి నాలుగున్నరకు వదిలితే మీ అమ్మాయి ఇంటికి ఎన్నింటికి చేరుతుంది? ఏ దారిన వస్తుంది? ఎవరితో వస్తుంది? బడి తన బాధ్యత గేటు దగ్గర అయిపోయిందనుకుంటుంది, ఇల్లు తన బాధ్యత గుమ్మం దగ్గర మొదలవుతుందనుకుంటుంది. మధ్యలో ఉన్న రెండు కిలోమీటర్లు ఎవరివి?

ఒక ఆదివారం సాయంత్రం పిల్లతో కలిసి ఆ దారిలో నడవండి. ఎక్కడ భయమేస్తుందో తననే చూపించమనండి. కల్లు దుకాణం ముందా, మూసేసిన రైసు మిల్లు దగ్గరా, ఊరి చివరి కల్వర్టు మీద కూర్చునే కుర్రాళ్ల దగ్గరా? మనం ఊహించే చోటు ఒకటైతే పిల్లలు చూపించే చోటు మరొకటి. పదో తరగతి స్పెషల్ క్లాసులు మొదలయ్యాక ఈ సంగతి ఇంకా ముఖ్యం. డిసెంబరులో ఆరింటికే చీకటి పడుతుంది.

ఒకే వీధి, ఒకే పల్లె పిల్లల్ని గుంపులుగా కట్టండి. ప్రతి గుంపుకీ పెద్ద క్లాసు పిల్ల ఒకరు. ఎవరైనా రాకపోతే ఆ పిల్ల తన ఇంటికి కాదు, ముందు వాళ్లింటికి వెళ్లి చెప్పాలి. ఆటోలో వచ్చేవాళ్లయితే తల్లిదండ్రులు నలుగురు కలిసి డ్రైవరుతో మాట్లాడండి. ఒక్కరు వెళ్లి ‘పదిహేను మందిని ఎక్కించకు అన్నా’ అంటే ‘అయితే మీ పాపను దింపేస్తా’ అంటాడు. నలుగురు వెళ్తే బేరానికొస్తాడు. ఆటో కిరాయి ఇంకో యాభై పెంచాల్సొస్తే పెంచండి. ఆర్టీసీ బస్సు వేళ బడి వేళకు కుదరకపోతే హెచ్‌ఎం సంతకంతో డిపో మేనేజరుకు అర్జీ ఇవ్వండి. సర్పంచ్ ఆ అర్జీ పట్టుకుని వెంట వస్తే పని తొందరగా అవుతుంది.

5. బాత్రూం తలుపుకు గడియ ఉందా?

నవ్వకండి. ఏ హైస్కూలు బాగోగులైనా అక్కడ తేలిపోతాయి. డిజిటల్ బోర్డు తర్వాత చూడొచ్చు. ముందు అమ్మాయిల బాత్రూంలోకి ఒక తల్లి వెళ్లి చూడాలి. తలుపుకు లోపల గడియ పడుతోందా? కుళాయిలో నీళ్లొస్తున్నాయా, లేక తొట్టిలోంచి ముంచుకోవాలా? మూత ఉన్న చెత్తబుట్ట ఉందా? మధ్యాహ్నం రెండింటికి వెళ్లి చూడండి. పొద్దున్నే వెళితే అంతా శుభ్రంగానే ఉంటుంది.

బాత్రూం బాగోలేని బడిలో అమ్మాయిలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగరు. ఎవరికీ చెప్పరు కూడా. ఎండాకాలంలో తలనొప్పితో, మూత్రంలో మంటతో ఇంటికొస్తారు. ఇక ఆ మూడు రోజులు మానేయడమే తేలిక అనుకుంటారు. నెలకు మూడంటే పది నెలల్లో ముప్పై రోజులు. ఇప్పుడు ఆ ఖాళీ గడులు అర్థమయ్యాయా?

గడియ ఖరీదు ఎంత? వడ్రంగి కూలీతో కలిపినా ఒక పుట్టినరోజు కేకు ఖర్చు కాదు. దానికి జీవో కోసం ఎదురుచూడాలా?

6. పిల్ల ఏదైనా చెప్తే

ఇది తొందరగా చదివి దాటేయకండి. బడిలోనో, దారిలోనో, ట్యూషన్‌లోనో, చుట్టాల ఇంట్లోనో ఎవరో అసభ్యంగా ప్రవర్తించారని పిల్లగానీ పిల్లాడుగానీ చెప్పారనుకోండి. మీ నోట్లోంచి వచ్చే మొదటి మాట ఏమిటి? ‘నువ్వెందుకు వెళ్లావక్కడికి?’ అన్నారంటే ఇంకేమీ చెప్పరు. ‘చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేం లేదు’ అనండి. అంతే. మళ్లీ మళ్లీ గుచ్చి గుచ్చి అడగకండి. బంధువులందరి ముందూ చెప్పించకండి. ఒంటి మీద బట్టలు ఉతికేయకుండా దాచండి.

1098 చైల్డ్ హెల్ప్‌లైన్. రాత్రీ పగలూ పనిచేస్తుంది, పిల్లలే నేరుగా చేయొచ్చు. పోలీసులకైతే 112. తెలంగాణలో భరోసా కేంద్రాలున్నాయి. ‘పోలీస్ స్టేషన్ మెట్లెక్కితే పిల్ల బతుకేం కాను’ అనే భయం ఉంటుంది, కాదనను. 2012 నాటి పోక్సో చట్టం ఆ భయం గురించి ఆలోచించే రాశారు. పిల్ల చెప్పేది తన ఇంట్లోనే, వీలైనంతవరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా వచ్చి రాసుకోవాలి. రాత్రిపూట పిల్లల్ని స్టేషన్‌లో ఉంచకూడదు. పేరు, ఫొటో, బడి పేరు పత్రికల్లో రాకూడదు.

‘బడి పరువు పోతుంది, మనలో మనం మాట్లాడుకుందాం’ అని పెద్దమనుషులు వస్తారు. తప్పకుండా వస్తారు. సంగతి తెలిసీ పోలీసులకు చెప్పకపోవడమే ఆ చట్టం కింద నేరం. తన కింద పనిచేసేవాడి గురించి తెలిసి దాచిపెట్టిన సంస్థ పెద్దకు ఏడాది దాకా జైలు ఉంటుంది. ఆ మాట వాళ్లకు మెల్లగానే చెప్పండి.

7. ‘కళ్లు వదిలేసి ఎక్కడైనా కొట్టండి సార్’

ఈ మాట మన తాతల నుంచీ వస్తోంది. పిల్లాణ్ని బళ్లో వేస్తూ టీచరుకు అప్పజెప్పే మాట. ఇక అనకండి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మనసు నొప్పించేలా వేధించడాన్నీ నిషేధించింది. పైగా మీరు అనుమతిచ్చినా ఆ దెబ్బ పని చేయదు. దెబ్బలు తినే కుర్రాడికి అదో పేరు. ‘ఇవాళ ఎన్ని తిన్నావురా’ అని ఇంటర్వెల్‌లో లెక్కలేసుకుంటారు.

మరి క్రమశిక్షణ ఎలా అంటారా? కొట్టడం మానేసిన చాలా బళ్లు దాని బదులు రెండు పనులు పట్టుకున్నాయి, రెండూ చెడ్డవే. ఒకటి, క్లాసు బయట నిలబెట్టడం. చదువు ఇష్టంలేనివాడికి మీరిచ్చిన బహుమానం అది! బయట చెట్టు, గాలి, వచ్చేపోయే వాళ్లు. రెండోది, ప్రేయర్‌లో అందరి ముందూ పరువు తీయడం. పొడుగు జుట్టు వాడికి కత్తెరతో అడ్డదిడ్డంగా కత్తిరించడం, ఆలస్యంగా వచ్చినవాళ్లను మోకాళ్ల మీద నిలబెట్టడం. పదిహేనేళ్ల వయసులో తోటివాళ్ల ముందు జరిగిన అవమానాన్ని ఎవరూ మర్చిపోరు. కొందరు మర్నాటి నుంచి బడికే రారు.

పనిచేసేవి చప్పగా ఉంటాయి. జూన్‌లోనే క్లాసు పిల్లలతోనే మూడు నాలుగు నియమాలు రాయించండి. పది రాయిస్తే ఒక్కటీ గుర్తుండదు. తప్పితే ఏం చేయాలో కూడా వాళ్లనే అడగండి. పిల్లలు మనకన్నా కఠినమైన శిక్షలు చెప్తారు, మనమే తగ్గించాల్సొస్తుంది. బల్ల విరగ్గొట్టినవాడు వడ్రంగి పక్కన కూర్చుని బాగుచేయించాలి. జూనియర్‌ని ఏడిపించినవాడు వారం రోజులు ఆ పిల్లాడికి తోడుగా భోజనాల దగ్గర నిలబడాలంటే మాత్రం ముందు ఆ జూనియర్‌ని అడగండి. వాడికి ఇష్టమైతేనే. మందలింపు స్టాఫ్ రూంలో, తలుపు దగ్గరకు వేసి. పొగడ్త ప్రేయర్‌లో, మైకులో. చాలా బళ్లలో ఇది తలకిందులుగా జరుగుతోంది.

పీఈటీ సారును మరిచిపోకండి. గోడ దూకే బ్యాచీ ఆయన మాట వింటుంది. గేమ్స్ పీరియడ్ తీసేసి లెక్కల స్పెషల్ క్లాసు పెడుతున్నారంటే ఆ పిల్లలు బడికి రావడానికున్న ఒక్క కారణాన్నీ తీసేస్తున్నారు.

8. బడ్డీ కొట్టు, బండి తాళం

బడికి వంద గజాల లోపల పొగాకు ఉత్పత్తులు అమ్మకూడదని 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం చెప్తోంది. మీ బడి గేటు ముందు నిలబడి లెక్కపెట్టండి, ఎన్ని కొట్లలో గుట్కా, ఖైనీ పొట్లాలు వేలాడుతున్నాయో. ఆ చట్టం కింద జరిమానా 200 రూపాయలే కాబట్టి ఎవరూ భయపడరు. కానీ పిల్లలకు పొగాకు గానీ మత్తు పదార్థం గానీ ఇస్తే 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఈ సంగతి కొట్టువాళ్లలో చాలామందికి తెలియదు.

అయితే చట్టంతో మొదలుపెట్టకండి. కొట్టు పెట్టుకున్నది ఊరివాడే. తల్లులు అయిదారుగురు వెళ్లి ‘ఏం బాబాయ్, నీ మనవడూ ఈ బళ్లోకే వస్తాడు కదా రేపు, ఇవి ఇక్కడ వద్దు’ అంటే సగం కొట్లు అక్కడికక్కడే తీసేస్తాయి. మిగతా సగానికి పంచాయతీ నోటీసు, అప్పటికీ వినకపోతే ఎస్సైగారు.

బండి సంగతి మీ ఇంట్లోదే. తొమ్మిదో తరగతి కుర్రాడికి బైకు తాళం ఇస్తున్నారా? 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో శిక్ష పిల్లాడికే కాదు, మీకూ. బండి ఎవరి పేరున ఉంటే వాళ్లకు, లేదా తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పిల్లాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. బడికి సైకిలు చాలు.

9. కమిటీలో ఉన్నది మీరే

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలి. కాగితం మీద ఉంటారు కూడా. ఎక్కువ ఊళ్లలో జరిగేదేమిటంటే, తీర్మానాల పుస్తకం ఇంటికొస్తుంది, ‘ఇక్కడో సంతకం పెట్టమ్మా’ అంటారు, పెట్టేస్తాం. పెట్టకండి. ‘బళ్లో కూర్చుని పెడతాను సార్, ఎన్నింటికి రమ్మంటారు?’ అనండి. కూలి పనుల రోజుల్లో మీటింగు పదకొండింటికి పెడితే ఎవరు రాగలరు? సాయంత్రం ఆరింటికి పెట్టించండి.

ప్రతి మీటింగులో నాలుగు విషయాలు అడిగితే చాలు. ఈ నెల పది రోజులకు మించి రానివాళ్లు ఎవరు, వాళ్లిళ్లకు ఎవరు వెళ్లారు? బాత్రూం, తాగునీళ్ల సంగతేమిటి? ఫిర్యాదుల పెట్టె తెరిచారా, తల్లుల ముందే తెరిచారా? ఎనిమిదో తరగతి పిల్లలు ఎన్‌ఎంఎంఎస్ పరీక్షకు దరఖాస్తు చేశారా? ఈ ఆఖరుది చాలా బళ్లలో జారిపోతుంది. ఆ పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేల రూపాయలు వస్తాయి. ఇంటి ఆదాయం మూడున్నర లక్షల లోపుండాలి.

పూర్వ విద్యార్థులతో ఒక మాట. పాతికేళ్ల తర్వాత కలుసుకుని, ఒకే రంగు టీషర్టులు వేసుకుని, గురువులకు శాలువాలు కప్పి, బిర్యానీ తిని వెళ్లిపోయే సమ్మేళనాలు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ జరుగుతున్నాయి. శాలువాలు మాన్పించమని నేనను. ఆ ఫ్లెక్సీల ఖర్చుతో డిసెంబరు నుంచి మార్చి దాకా సాయంత్రం స్టడీ అవర్‌లో కూర్చునే పదో తరగతి పిల్లలకు గుగ్గిళ్లు పెట్టొచ్చు. మధ్యాహ్నం పన్నెండున్నరకు తిన్న అన్నంతో ఆరింటిదాకా చదవమంటే అక్షరాలు కనిపించవు. ఊళ్లో ఉన్న రిటైర్డు లెక్కల మేష్టారును వారానికి మూడు సాయంత్రాలు రమ్మని అడగండి. డబ్బు తీసుకోకపోవచ్చు, ఆటో ఛార్జీ మాత్రం మీరు పెట్టుకోండి.

10. ఫలితాల రోజు

ఇది పరీక్షలకు ముందే మాట్లాడుకోవలసింది. మార్చిలోనే ఒకరోజు పిల్లకు చెప్పండి, ‘ఒక సబ్జెక్టు పోతే సప్లిమెంటరీ ఉంది, అది పాసైతే ఈ ఏడే ఇంటర్లో చేరొచ్చు’ అని. ఫలితాలొచ్చాక చెప్తే ఓదార్పులా ఉంటుంది, నమ్మరు. ట్రిపుల్ ఐటీ సీటు, పాలిసెట్ ర్యాంకు గురించి బంధువుల ముందు ముందే చాటింపు వేయకండి.

హెచ్‌ఎంతో కలిసి కమిటీ ఒక జాబితా రాసుకోవాలి. ఎవరు తప్పే అవకాశముందో బడికి ముందే తెలుసు. ఒక్కో పిల్లకూ ఒక టీచరు, లేదా కమిటీ సభ్యురాలు. ఫలితాలు వచ్చే పూట వాళ్లు ఆ ఇంట్లో ఉండాలి, సప్లిమెంటరీ ఫీజు కట్టే ఆఖరు తేదీ కాగితం మీద రాసుకుని. ఇంట్లో ఎవరూ పిల్లను ఒంటరిగా గదిలో వదలకూడదు. మాట తీరు తేడాగా అనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం మానసిక ఆరోగ్యం కోసం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ, తెలుగులోనే మాట్లాడతారు. సప్లిమెంటరీ పరీక్షలు కొద్ది వారాల్లోనే ఉంటాయి కాబట్టి, ఫలితాలొచ్చిన మర్నాడు పొద్దున తొమ్మిదింటికి లెక్కల మేష్టారు బడి తలుపులు తీయించి, తప్పిన పిల్లలకు మొదటి పాఠం మొదలుపెట్టేయాలి. పిల్లల్ని ఇళ్ల నుంచి వెంటబెట్టుకొచ్చే పని మీది.